తెల్ల సూటు, మారని యాస

2009 సంక్రాంతి రాత్రి నేను మాదాపూర్‌లో కాల్‌సెంటర్ డ్యూటీలో ఉన్నాను. అమెరికాకు సంక్రాంతి లేదు కాబట్టి మా ఫ్లోర్‌కీ లేదు. సాయంత్రం క్యాబ్ కోసం నిలబడి ఉంటే అమ్మ ఫోన్ చేసింది. "పండుగ పూట గూడ డ్యూటేనా బిడ్డా? గీ సకినాలు ఎవలు తినాలె?" జగిత్యాల బస్సెక్కితే ఐదారు గంటల్లో ఇంట్లో ఉండేవాణ్ణి. ఎక్కలేదు.

తెల్లవారుజామున నాలుగు దాటాక ఓహాయో నుంచి ఒక పెద్దావిడ లైన్లోకి వచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లులో లేట్ ఫీజు గొడవ. ఆ రోజు సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. పేజీ తెరుచుకునేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి, లైన్లో మౌనం ఉంటే 'డెడ్ ఎయిర్' అని మార్కులు కోస్తారు. నేను మీ ఊళ్లో చలి ఎలా ఉందని అడగబోయేలోపు ఆవిడే అందుకుంది. టీవీలో ఇప్పుడే చెప్పారట, మిస్టర్ రోర్క్ పోయాడట. శనివారం రాత్రులు పిల్లల్ని పడుకోబెట్టి, భర్తతో కలిసి ఆయన్ని చూసేదట. ఎంత చక్కగా మాట్లాడేవాడో, ఎక్కడివాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు అంది. కాసేపాగి, "నీ పేరేమన్నావు?" అని అడిగింది.

"రిచర్డ్, మేడమ్."

"అది కాదు నాయనా. అసలు పేరు."

అసలు పేరు చెప్పకూడదు. అదృష్టం, అప్పుడే పేజీ తెరుచుకుంది. లేట్ ఫీజు తీసేశాను, ఆవిడ థాంక్యూ చెప్పింది, కాల్ అయిపోయింది. పదకొండు నిమిషాలు పట్టినందుకు తర్వాత టీమ్ లీడర్ దగ్గర అక్షింతలు పడ్డాయి.

పొద్దున రూమ్‌కి వచ్చి పడుకోకుండా నెట్ తెరిచాను. మిస్టర్ రోర్క్ అంటే 'ఫ్యాంటసీ ఐలండ్' అనే టీవీ సీరియల్లో ఒక పాత్ర. వేసినవాడి పేరు రికార్డో మోంటల్బాన్. మెక్సికో మనిషి. 88 ఏళ్లు. తెల్ల సూటులో ఉన్న ఆ ఫొటో చూడగానే ఇతన్ని నేనెక్కడో చూశాననిపించింది. హాస్టల్లో ఒకడి దగ్గరున్న పాత స్టార్ ట్రెక్ అంతరిక్ష సినిమా డీవీడీలో చూశాను. బారెడు తెల్లజుట్టు, తెరిచిన ఛాతీ, కళ్లలో నిప్పులు. పాత్ర పేరు ఖాన్ నూనియన్ సింగ్. ఖాన్ ఏమిటి, సింగ్ ఏమిటి, ఈ రెండూ ఒకే మనిషికి ఎలా అతికాయి అని అప్పట్లో హాస్టలంతా నవ్వుకున్నాం. ఆ సింగ్‌గారు మెక్సికన్ అని మాకెవరికీ తెలీదు.

అప్పట్నుంచీ ఈ మనిషి నన్ను వదల్లేదు. ఆయన గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ఖాన్ దగ్గర మొదలుపెట్టి ఖాన్ దగ్గరే ఆగుతారు. తెల్ల సూటు పాత్ర సంగతి వస్తే, పొట్టకూటి కోసం చేసిన వారపు సీరియల్ అన్నట్టు ఒక నవ్వు నవ్వి దాటేస్తారు. నేను దీన్ని తిరగేసి చెబుతాను. ఖాన్ పాత్రలో ఆయన గొప్ప నటుడు, కాదనను. కానీ ఆయన చేసిన అసలు పని ఆ తెల్ల సూటులో ఉంది. ఖాన్ విషయంలో ఆయనతో నాకో పేచీ కూడా ఉంది.

ముందు ఆయన పేరు సంగతి. స్పానిష్‌లో ఆ ఇంటిపేరు రాసేటప్పుడు చివరి 'ఆ' అచ్చు మీద చిన్న ఏటవాలు గీత పెడతారు, ఊనిక అక్కడ పడాలని. అమెరికా అచ్చులో ఆ గీత తరచుగా ఎగిరిపోయేది. మనకా బెడద లేదు. 'బా'కు దీర్ఘం ఇస్తే సరిపోతుంది. ఈయన పేరు ఇంగ్లీషులో కంటే తెలుగులోనే సరిగ్గా పలుకుతుందని నాకు కాస్త గర్వం.

1920 నవంబరు 25న మెక్సికో సిటీలో పుట్టాడు. తల్లిదండ్రులు స్పెయిన్ నుంచి వలస వచ్చినవాళ్లు, నలుగురు పిల్లల్లో ఈయన చిన్నవాడు. పెరిగింది ఉత్తరాన తొరెయోన్ అనే ఊళ్లో. పెద్దన్న కార్లోస్ అప్పటికే నటన వెంట పడి అమెరికాలో ఉన్నాడు, తమ్ముణ్ణి లాస్ ఏంజిలిస్‌కు తెచ్చి ఫెయిర్‌ఫాక్స్ హైస్కూల్లో వేశాడు. కుర్రాడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. 1940లో న్యూయార్క్ వెళ్లి ఒక నాటకంలో చిన్న వేషం సంపాదించాడు. అంతలో తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే అన్నీ వదిలి మెక్సికో వెళ్లిపోయాడు. అక్కడ సినిమాల్లో నిలదొక్కుకుని పేరు తెచ్చుకున్నాక, 1947లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం మళ్లీ అమెరికాకు పిలిచింది.

స్టూడియోవాళ్లు చేయబోయిన మొదటి పని పేరు మార్చడం. వాళ్లు అనుకున్న పేరు రికీ మార్టిన్. నిజంగానే. తర్వాత అర్ధశతాబ్దానికి ఆ పేరుతో ఒక గాయకుడు ప్రపంచాన్ని ఊపుతాడని అప్పుడెవరికి తెలుసు. ఈయన ఒప్పుకోలేదు. అప్పటికి హాలీవుడ్‌లో ఇది మామూలు వ్యవహారం, మార్గరీటా కన్సీనో అనే అమ్మాయి రీటా హేవర్త్ అయ్యాక గానీ పెద్ద తార కాలేదు. పాతికేళ్లు దాటిన కుర్రాడు, పరాయి దేశం, చేతిలోకి వచ్చిన కాంట్రాక్టు. అలాంటి చోట పేరు దగ్గర మొండికేయడం చిన్న విషయం కాదు.

నాకు తెలుసు. నేను మొండికేయలేదు.

మా బ్యాచ్‌లో ఇరవై ఇద్దరం. మొదటి వారమే ఒక షీటు తిప్పారు. ఎడమవైపు మా పేర్లు, కుడివైపు ఖాళీ. ఆ ఖాళీలో అమెరికావాళ్ల నోటికి అందే పేరొకటి రాసుకోవాలి. నా ముందువాడు కెవిన్ అని రాశాడు. నేను తోచక రిచర్డ్ అని రాశాను. స్పానిష్‌లో రికార్డో అంటే రిచర్డే అని ఆ సంక్రాంతి తెల్లారి చదివేదాకా నాకు తెలియదు.

పేరు తర్వాత నోరు. మా వాయిస్ ట్రైనర్ ఒక టిష్యూ కాగితం చింపి పెదాల ముందు పట్టుకోమనేది. 'పేపర్', 'పీపుల్', 'పార్డన్' అంటూ పోవాలి. మాట మాటకూ కాగితం ఎగరాలి. ఎగరకపోతే రిజిస్టర్లో మన పేరు పక్కన ఎంటీఐ అని పడుతుంది, మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. అమ్మభాష సోకిందని అర్థం, ఏదో జబ్బు సోకినట్టు. మనకు 'ప' వేరు, ఒత్తు 'ఫ' వేరు. వాళ్లకు మాట మొదట్లో వచ్చే 'ప'లో సగం ఒత్తు ఉంటుంది. ఇది నాకు ఇప్పుడు తెలిసిన శాస్త్రం. అప్పుడు తెలిసిందల్లా నా కాగితం కదలడం లేదని. 'వాటర్'లో 'వ' ఒకటి, 'వెరీ'లో 'వ' ఇంకొకటి అని ఆమె పళ్లు పెదవికి ఆనించి చూపిస్తుంటే, ఇరవై రెండు మందిమి పెదాలు కొరుక్కుంటూ కూర్చునేవాళ్లం.

నాకు అది మొదటిసారి కూడా కాదు. ఇంటర్‌కు హైదరాబాద్ వచ్చిన కొత్తలో క్లాసులో నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లను అని లాభం లేదు, వాళ్లకు నవ్వడం సినిమా నేర్పింది. మన తెరమీద చాలా ఏళ్లు నా యాస మాట్లాడేది రౌడీ, లేకపోతే జోకరు. హీరో ఏ ఊళ్లో పుట్టినా కృష్ణా గుంటూరు పలుకే పలికేవాడు. ఉత్తరాది నుంచి తెచ్చిన హీరోయిన్ గొంతు ఎలాగూ ఆమెది కాదు, డబ్బింగ్ థియేటర్లో ఇంకొకరిది. మొహం ఎవరిదైనా పరవాలేదు గానీ పలుకు మాత్రం మేం చెప్పిందే ఉండాలనేది ఒక్క హాలీవుడ్ రోగం కాదు. అందుకే మోంటల్బాన్ కథను నేను తీరుబడిగా, దూరపు మనిషి కథలాగా చదవలేకపోయాను.

ఎంజీఎం ఆయనకేం ఇచ్చింది? ముద్దుపెట్టే లాటిన్ ప్రేమికుడి వేషాలు ఇచ్చింది. ఎస్తర్ విలియమ్స్ ఈతకొలనులో దూకితే ఒడ్డున నిలబడి పాడే పని. పాడి, ఆడి, నవ్వేవాడు. మధ్యలో ఒకటి రెండు మంచివి పడ్డాయి. 1949లో వచ్చిన 'బోర్డర్ ఇన్సిడెంట్'లో మెక్సికో ప్రభుత్వ ఏజెంట్‌గా వేశాడు, సరిహద్దు దాటించి కూలీలను అమ్ముకునే ముఠాను పట్టుకోవడానికి కూలీ వేషంలో వెళ్తాడు. మరుసటి ఏడు ఇంకో సినిమాలో మసాచుసెట్స్ డిటెక్టివ్. ఆ 1949 నవంబరులోనే 'లైఫ్' పత్రిక ముఖచిత్రంగా ఆయన ఫొటో వేసింది, హిస్పానిక్ నటుల్లో ఆ గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే. ఇంకేం, నిచ్చెన ఎక్కేశాడనుకుంటాం. ఎక్కలేదు. ముఖచిత్రం తర్వాత కూడా వచ్చినవి అవే ముద్దుల వేషాలు. 1953కల్లా ఎంజీఎంతో ఒప్పందం ముగిసింది.

అంతకు ముందే ఇంకో దెబ్బ తగిలింది. 1951లో వచ్చిన 'అక్రాస్ ద వైడ్ మిస్సోరి' అనే సినిమా. అందులో ఈయన బ్లాక్‌ఫుట్ తెగ యోధుడు. షూటింగులో గుర్రం మీద నుంచి పడ్డాడు, స్పృహ తప్పాడు, ఇంకో గుర్రం తొక్కింది. వెన్నులో దెబ్బ. ఆ నొప్పి బతికినన్నాళ్లూ ఉంది. తర్వాత మనం తెరమీద చూసే నిటారు మనిషి, ఆ రాజసం, ఆ నిదానపు నడక అంతా ఈ వెన్నుతోనే.

సినిమా ముఖం చాటేస్తే టీవీ పనిచ్చింది. యాభైల నుంచి డెబ్బైల దాకా ఆయన అతిథి పాత్ర వేయని సీరియల్ తక్కువ. నాటకాలూ వేశాడు. ఇక్కడే నా పేచీ మొదలవుతుంది. ఈ ఏళ్లలో ఆయన వేసిన మనుషులెవరో చూడండి. 1957లో 'సయొనారా'లో జపాన్ కబుకి నటుడు. అదే ఏడాది న్యూయార్క్ బ్రాడ్వే నాటకంలో లీనా హార్న్ పక్కన జమైకా జాలరి, దానికి టోనీ అవార్డు నామినేషన్ కూడా వచ్చింది. 1967 ఫిబ్రవరిలో స్టార్ ట్రెక్ 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లో మన సిక్కు ఖాన్. 1978లో టీవీ అవార్డు ఎమ్మీ తెచ్చిపెట్టిన పాత్ర మళ్లీ ఒక నేటివ్ అమెరికన్ నాయకుడు, 'హౌ ద వెస్ట్ వాజ్ వన్' సీరియల్లో. మెక్సికన్ నటుడికి అమెరికా టీవీ పెద్దపీట వేసింది, మెక్సికన్‌గా కాదు.

'స్పేస్ సీడ్' మొదట రాసినప్పుడు ఆ ప్రతినాయకుడు ఉత్తర ఐరోపా మనిషి, తెల్లజుట్టు రకం. రాతలు మారుతూ, ఈయన వచ్చేసరికి ఉత్తర భారతం నుంచి వచ్చినవాడయ్యాడు. అంతరిక్ష ఓడలో చరిత్ర తెలిసిన లెఫ్టినెంట్ అమ్మాయి నిద్రలో ఉన్న అతన్ని చూసి, ఉత్తర భారతంవాడిలా ఉన్నాడు, సిక్కు కావచ్చు, గొప్ప యోధులు అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. గడ్డం లేదు, తలపాగా లేదు. ఆ అమ్మాయి గీసిన బొమ్మలో మాత్రం తలపాగా ఉంటుంది. సిక్కు అనే మాటకు అక్కడున్న విలువ అంతే. ఆ వేషానికి ఒక సిక్కును వెతకాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ వచ్చినట్టు లేదు. పేరు మనది, మొహం మెక్సికోది, రాత అమెరికాది.

ఆయన తప్పేముంది, వచ్చిన వేషం వేశాడు, ఇల్లు గడవాలిగా అనొచ్చు. నేనూ అదే అనేవాణ్ణి, 1970 లేకపోతే.

ఆ ఏడాది ఆయన కొందరు నటులతో కలిసి ఒక సంస్థ పెట్టాడు, తొలి అధ్యక్షుడు ఆయనే. అప్పట్లో మొక్కజొన్న చిప్స్ ప్రకటనలో ఒక మెక్సికన్ దొంగ కార్టూన్ బొమ్మ ఉండేది. పెద్ద టోపీ, తుపాకులు, వెటకారపు యాస, అందరి చిప్స్ ఎత్తుకుపోవడం వాడి పని. సినిమాల్లో మెక్సికన్ అంటే బందిపోటు, లేకపోతే చెట్టు కింద టోపీ మొహం మీద వేసుకుని కునుకు తీసేవాడు. ఇక చాలు అని, మా మనుషులకు మనుషుల వేషాలివ్వండని స్టూడియోలను అడగడానికి పెట్టిన సంస్థ అది. దాని పేరు 'నొసోత్రోస్'.

స్పానిష్‌లో దానికి అర్థం సులువు. ఇంగ్లీషులోకి మార్చడమూ సులువే. తెలుగులోకి తేబోతేనే చిక్కు. నొసోత్రోస్ అంటే 'మేము' అనాలా, 'మనము' అనాలా? మన భాష ఇక్కడ తప్పించుకోనివ్వదు. వినేవాణ్ణి లోపలికి రానిస్తున్నావా, గుమ్మం బయటే ఉంచుతున్నావా చెప్పి తీరాలంటుంది. మోంటల్బాన్ జీవితం గురించి నేను అడిగే ప్రశ్న మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. 'మా పాత్రలు మావాళ్లకివ్వండి' అన్నవాడు, ఎనిమిదేళ్ల తర్వాత ఇంకొకరి తెగ నాయకుడి వేషానికి ఎమ్మీ అందుకున్నాడు. అది 'మేము'. బ్లాక్‌ఫుట్, జపాన్, సిక్కు మనుషులు ఆ గుమ్మం అవతలే ఉండిపోయారు.

పేచీ అయితే పెట్టుకున్నాను గానీ లెక్క రెండోవైపు కూడా చూడాలి. ఆ సంస్థ పెట్టినందుకు ఆయన మూల్యం చెల్లించాడు. గొడవలు చేసే మనిషి అని పేరుపడింది, వేషాలు తగ్గాయి. ఆ మాట ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. వయసు యాభై. వెన్ను బాగాలేదు. గొడవ పడాల్సిన అవసరమే లేని స్థితిలో ఉన్నవాడు, నోరు మూసుకుంటే ముద్దుగా చూసుకునేవాళ్లు. అయినా నోరు తెరిచాడు. మా ఫ్లోర్ మీద ఒక్కడు కూడా ఆ షీటు మీద తన పేరే రాసి ఇవ్వలేదని గుర్తుచేసుకుంటే, ఈయన్ని తూచే తక్కెడ పట్టుకోవడానికి నా చెయ్యి కాస్త వణుకుతుంది.

వేషాలు తగ్గిన కాలంలో ఆయన్ని నిలబెట్టింది, నమ్మండి, ఒక కారు ప్రకటన. 1975లో క్రైస్లర్ కంపెనీ 'కోర్డోబా' అనే కారు తెచ్చింది. పేరు స్పానిష్ కదా అని ఈయన్ని పెట్టారు. ఆ ప్రకటన ఇప్పుడు కూడా నెట్‌లో దొరుకుతుంది. కారు గురించి చెప్పేదేమీ లేదు. మెత్తటి 'కొరింథియన్' తోలు సీట్లు అంటాడు. ఆ 'ర'ను నాలుక మీద కొంచెం దొర్లించి వదులుతాడు, పానకంలో యాలక్కాయ తగిలినట్టు ఉంటుంది. కొరింథియన్ తోలు అనేదే లేదు. గ్రీసుకూ దానికీ సంబంధం లేదు, ప్రకటన రాసేవాళ్లు పుట్టించిన మాట. డేవిడ్ లెటర్‌మన్ టీవీ షోలో అడిగితే ఆయనే ఒప్పుకుని నవ్వేశాడు. అర్థం లేని మాటను యాసతో అమ్మాడు. పాతికేళ్లు సరిదిద్దాల్సిన లోపంలా చూసిన పలుకే కార్ల కంపెనీకి బంగారమైంది. మా వాయిస్ ట్రైనర్‌కు ఈ ప్రకటన ఒక్కసారి చూపించాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక తెల్ల సూటు. ఏరన్ స్పెల్లింగ్, లెనర్డ్ గోల్డ్‌బర్గ్ అనే నిర్మాతలు ఏబీసీ చానల్‌కు ఏ కథ చెప్పినా వద్దంటుంటే, విసుగొచ్చి మరేం కావాలి మీకు, మనుషులు వెళ్లి కోరికలన్నీ తీర్చుకునే దీవి కావాలా అన్నారట, అదే కావాలన్నారట. అలా 1977లో టీవీ సినిమాగా మొదలై, సీరియల్‌గా 1984 దాకా నడిచింది. ప్రతి వారం ఒకటే మొదలు. గంటస్తంభం ఎక్కిన పొట్టి మనిషి టాటూ గంట కొట్టి విమానం వచ్చిందని అరుస్తాడు. ఆ వేషం పారిస్‌లో పుట్టిన ఎర్వే విల్‌షేజ్‌ది. ఆ స్తంభమున్న ఇల్లు లాస్ ఏంజిలిస్ పక్కన ఆర్కేడియాలోని వృక్షోద్యానంలో ఇప్పటికీ ఉంది. రోర్క్ బయటికొస్తాడు, కోటు సవరించుకుంటాడు, వరసలో నిలబడ్డ పనివాళ్లతో అందరూ నవ్వండి అంటాడు. విమానం దిగిన అతిథులు వస్తారు. ఒక్కొక్కరు ఎందుకొచ్చారో, ఏ కోరిక వెంట ఏ కష్టం కొనితెచ్చుకోబోతున్నారో టాటూకు చెవిలో చెబుతాడు. గ్లాసు ఎత్తుతాడు. స్వాగతం చెబుతాడు. చెప్పేటప్పుడు దీవి పేరు ముందు అర క్షణం ఆగుతాడు. ఆ అర క్షణంలో ఆ దీవి ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది.

సీరియల్‌గా అది గొప్పదేం కాదు. నేను ఇరవై ఎపిసోడ్ల దాకా చూశాను, సగంలో కునుకు పట్టింది. కథలు పిప్పరమెంటు బిళ్లలు. కానీ ఆ మనిషిని చూడండి. రోర్క్ అనేది ఐర్లాండ్ ఇంటిపేరు. నోరు మెక్సికోది. ఈ రెండూ ఎలా కలిశాయని ఆ దీవిలో ఒక్కరూ అడగరు. నువ్వెక్కడివాడివి అనరు. యాస మీద జోకు లేదు. వచ్చినవాళ్లంతా అమెరికన్లు, డబ్బున్నవాళ్లు, చక్కటి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, వాళ్లంతా ఈయన ముందు నిలబడి అడుగుతారు. ఇవ్వాలో వద్దో ఈయన తేలుస్తాడు. ఈయన బందిపోటు కాదు, కునికేవాడు కాదు, హీరోయిన్ వదిలేసే ప్రేమికుడూ కాదు. యజమాని. ప్రైమ్ టైమ్‌లో, శనివారం రాత్రి, ఏడేళ్లు. సినిమా ముప్పై ఏళ్లలో ఇవ్వలేని కుర్చీని టీవీ ఒక చిల్లర సీరియల్లో పెట్టి ఇచ్చింది. ఓహాయో ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టి కూర్చున్న ఆడమనిషికి, యాసతో మాట్లాడే మనిషంటే ముందుగా గుర్తొచ్చేది చిప్స్ దొంగ కాకుండా ఈయన అయ్యాడు. పాతికేళ్ల తర్వాత ఆమె నా గొంతు విని అసలు పేరడిగిందంటే అందులో వెక్కిరింపు లేదు. మర్యాదగా అడిగింది. అది ఆమెకు ఎవరు నేర్పారని నేను చాలాసార్లు అనుకున్నాను.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. యాసకు మర్యాద దక్కాలంటే తెల్ల సూటు వేసుకుని, మాయలు తెలిసినవాడిలా దీవిలో ఉండాలా? మోంటల్బాన్ స్పెయిన్ దంపతుల కొడుకు, తెల్లటి చర్మం, నాటకాల్లో నానిన గొంతు. అదే మెక్సికో నుంచి వచ్చి టమాటాలు కోసే నల్లటి మనిషి అదే యాసతో మాట్లాడితే ఆ అర క్షణం ఎవరు ఆగుతారు? ఒప్పుకుంటాను. మా ఆఫీసులో కూడా ఫ్రెంచి క్లయింటు ఇంగ్లీషును ముద్దుగా వినేవాళ్లే మా క్యాంటీన్ అన్న ఇంగ్లీషుకు నవ్వేవాళ్లు. ఆ దీవిలో కూడా అందరూ యజమానులు కాలేదు. టాటూ వేసినాయన తనకూ రోర్క్‌తో సమానంగా జీతం కావాలని అడిగి 1983లో బయటికి పోవాల్సి వచ్చింది.

అయినా నా మాట మీద నిలబడడానికి ఒక కారణం ఉంది, అది ఆయన పోయాక బయటపడింది. ఆ రెండు పాత్రలూ తర్వాత ఎవరి చేతికి వెళ్లాయో చూడండి. ఖాన్ 2013 సినిమాలో మళ్లీ వచ్చాడు. పేరు అదే, సింగ్ అదే, వేసింది బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్, తెల్లగా పాలిపోయిన ఇంగ్లీషు మనిషి. చాలామంది మొత్తుకున్నారు. రోర్క్ సంగతి వేరే. 1998లో సీరియల్‌ను మళ్లీ తీసినప్పుడు ఇంగ్లీషు నటుడు మాల్కమ్ మెక్‌డవెల్‌ను పెట్టారు, ఒక సీజన్ కూడా సరిగ్గా నడవలేదు. 2020 సినిమాలో రోర్క్ మైకేల్ పేన్యా, మెక్సికో నుంచి వచ్చినవాళ్ల కొడుకు. 2021 సీరియల్లో ఆ వంశపు అమ్మాయి ఎలెనా రోర్క్‌గా ప్యూర్టో రికోకు చెందిన రోసెలిన్ సాంచెజ్. ఐరిష్ ఇంటిపేరున్న ఒక పాత్ర, ఎవరూ చట్టం చేయకుండానే, లాటినోల సొంతమైపోయింది. నొసోత్రోస్ కాగితాల మీద అడిగినదాన్ని ఆ తెల్ల సూటు చడీచప్పుడు లేకుండా సంపాదించి పెట్టింది. ఖాన్ వేషంలో ఎంత గొప్పగా చేసినా ఎవరికీ ఏమీ మిగల్లేదు, సిక్కులకూ లేదు, మెక్సికన్లకూ లేదు.

ఖాన్‌ను తక్కువ చేస్తున్నానని స్టార్ ట్రెక్ అభిమానులు కొట్టడానికి వస్తారు కాబట్టి ఒక మాట. 1982 నాటి ఆ సినిమాలో ఆయనకు అరవై దాటాయి. ఆ ఛాతీ రబ్బరుదా అని జనం అడిగితే, అచ్చంగా ఆయనదేనని దర్శకుడు నికొలస్ మేయర్ ఎన్నిసార్లు చెప్పాడో. సినిమా మొత్తంలో ఖాన్, కథానాయకుడు కిర్క్ ఒక్కసారి కూడా ఎదురుపడరు, పగ అంతా తెరల మీదుగానే. ఎదుట ఇంకో నటుడు లేకుండా స్క్రిప్టు సూపర్‌వైజర్ చదివిన డైలాగులకు జవాబుగా అంత విషం కక్కడం మాటలు కాదు. అన్నింటికంటే నాకు నచ్చింది, ఆయన స్వయంగా చెప్పిన సంగతి: మొదట ఖాన్ డైలాగులు చెప్పి చూసుకుంటే అచ్చు రోర్క్ మాట్లాడినట్టే ఉందట. పాత ఎపిసోడ్ తెప్పించుకుని చూస్తే గానీ ఖాన్ మళ్లీ ఒంట్లోకి రాలేదట. అప్పటికి ఆయనలో రోర్క్ అంతగా కూర్చున్నాడన్నమాట.

నటుడి జీవితంలో ఐదు దశలని ఒక జోకు చెప్పేవాడాయన. రికార్డో మోంటల్బాన్ ఎవరు? రికార్డో మోంటల్బాన్‌ను తీసుకురండి. రికార్డో మోంటల్బాన్ లాంటివాణ్ణి తీసుకురండి. కుర్ర మోంటల్బాన్‌ను తీసుకురండి. రికార్డో మోంటల్బాన్ ఎవరు?

1993లో వెన్నుకు తొమ్మిది గంటలు దాటిన ఆపరేషన్ జరిగింది. నడుము కింది నుంచి పడిపోయింది. అక్కడి నుంచి చక్రాల కుర్చీ. 1944లో పెళ్లాడిన జార్జియానా 2007లో పోయేదాకా తోడుంది. హాలీవుడ్‌లో వైన్ స్ట్రీట్ మీద 1927 నాటి ఒక నాటకశాలను ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ 1999లో కొన్నది, 2004లో దానికి ఆయన పేరే పెట్టారు. స్టూడియో వద్దన్న ఇంటిపేరు హాలీవుడ్ నడిబొడ్డున ఒక భవనానికి ఉంది. ఆ మధ్యలో పిల్లల సినిమా 'స్పై కిడ్స్'లో తాతగా కూడా వేశాడు, చక్రాల కుర్చీలోనే. అందులో ఆ కుర్చీ గాల్లో ఎగురుతుంది.

నేను ఆ ఉద్యోగం 2010లో మానేశాను. మొన్న దసరాకు ఇంటికెళ్లినప్పుడు ఫోన్లో ఫ్యాంటసీ ఐలండ్ పెట్టుకుని చూస్తుంటే అమ్మ పక్కన కూర్చుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కాసేపు విని, "గీయన మాట మిగిలినోళ్ల లెక్క లేదేందిరా?" అంది. మెక్సికో మనిషని, ఆ యాస అక్కడిదని చెప్పాను.

"మరి నీ లెక్క ఈయనకు గూడ పేరు మార్చిన్రా?"

"మార్చవొయిన్రు. ఒప్పుకోలేదట."

అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ కొంచెం దగ్గరికి లాక్కుని, గ్లాసు ఎత్తి పట్టుకున్న ఆ తెల్ల సూటు మనిషిని చూస్తూ కూర్చుంది.